మునిరాజ సైకిలుకు అద్దం

తెల్లవారుజామున పాలు పితికేటప్పుడు మునిరాజకు చేతులు మాత్రమే మేలుకుని ఉంటాయి. తక్కిన మనిషి సైకిలెక్కి, ఊరు దాటి, పుంగనూరు రోడ్డు మీద చల్లగాలి మొహానికి కొట్టినాక మేలుకునేవాడు. ఏడాదిగా అక్కడ కూడా మేలుకోవడం లేదు. చేతులు పితుకుతాయి, కాళ్లు తొక్కుతాయి, నోరు "పాలమ్మా" అంటుంది. ఆయన ఎక్కడుంటాడో ఆయనకే తెలియదు.

క్యారియరుకు చెరో పక్క ఒక క్యాను తగిలిస్తాడు. మధ్యలో క్యారియరు మీద ఏమీ పెట్టడు. ఊరి చివర రామప్ప బంకు ఉంది. బీడీలు, సోడాలు, పంచరు సామాను, గాలిపంపు, ఊరందరికీ శాస్త్రాలు, అన్నీ ఆ బంకులోనే దొరుకుతాయి. మునిరాజ అక్కడ ఆగుతాడు. రామప్ప వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు.

"ఏమ్మా ఈశ్వరమ్మా, బాగుండావా?" అని ఖాళీ క్యారియరును పలకరించి, పంపు తగిలించి నాలుగు పోట్లు ఎక్కువే పొడుస్తాడు. "ఇద్దురి గాలి పెట్టినా. పో అప్పా."

ఈశ్వరమ్మ మునిరాజ పెళ్లాం. పోయి ఏడాది దాటింది. జ్వరం వచ్చింది, జ్వరం తగ్గింది, తగ్గినాక పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు.

ఆమెను పూడ్చిన రోజు పార, గడ్డపార, ఉప్పుమూట అన్నీ కాటికి సైకిలు మీదే పోయినాయి. తీసుకుపోయింది మునిరాజే. పెళ్లాం పోయిన మనిషి చేత అటువంటి పని ఎవరూ చేయించరు. కానీ ఆ రోజు చేతులు ఖాళీగా పెట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. మట్టి పోసినాక రామప్ప చెప్పాల్సిన మాట చెప్పినాడు.

"ఇంగ పదప్పా. ఎనక్కి తిరిగి సూడొద్దు."

అది ఎవరికైనా చెప్పే మాటే. మనుషులు నేరుగా ఇంటికొస్తారు, గడప బయట కాళ్లు కడుక్కుంటారు, లోపల దీపం చూస్తారు. దాంతో ఆ మాట తీరిపోతుంది. ఆ తర్వాత బతికినంత కాలం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. మునిరాజ ఇంటికి పోలేదు. కాటి పక్కనే ఆయన చేను, చేలో పశువుల కొట్టం. ఆవులకు చావు సంగతి తెలియదు, పొద్దు వాలితే పొదుగు నిండి అరుస్తాయి. పోయి పితికినాడు. పితికినాక పాలు పోయాల కదా. అట్లనే పుంగనూరుకు పోయి ఇంటింటికీ పోసి, చీకటి పడినాక ఇల్లు చేరినాడు. కాళ్లకని పెట్టిన నీళ్లు ఎవరో పారబోసినారు. దీపం కొండెక్కింది. రామప్ప చెప్పిన మాట తీరకుండా నిలిచిపోయింది.

కాటి నుంచి కదిలినప్పుడే సైకిలు బరువెక్కింది. పంచరేమో అనుకుని మరుసటి పొద్దున బంకు దగ్గర ఆగినాడు. రామప్ప చక్రం తిప్పి చూసి, క్యారియరు స్ప్రింగు చూసి, "పంచరు కాదప్పా. ఆయమ్మ కూసోనుండాది," అన్నాడు.

"ఓహో," అన్నాడు మునిరాజ.

అంతే. ఊరంతా కూడా అంతే. అప్పటి నుంచి పుంగనూరు దాకా క్యారియరు మీద ఎక్కించుకోమని ఎవరూ అడగలేదు. అక్కడ మనిషుంది కదా.

ఈ కత చెప్పేవాడికి సైకిలు గురించి తెలిసింది ఎక్కడం, పడటం. మధ్యలోది నేర్చుకునే లోపల మా ఊరికి బస్సు వచ్చేసింది. కాబట్టి కింద వచ్చే కడ్డీల సంగతి, మరల సంగతి ఎక్కడైనా తప్పుగా ఉంటే మదనపల్లెకు పోయి సైకిలంగడి గిరిబాబును అడగండి. ఈశ్వరమ్మ బరువు సంగతి మాత్రం నేనే ఆ సైకిలును ఒకసారి గట్టు ఎక్కించబోయి చూసినాను. నేను ఎక్కలేదు, సైకిలూ ఎక్కలేదు.

మునిరాజ తిరిగి చూడటం మానేసినాడు. ఒక్క కాటి వైపే కాదు, ఏ వైపూ. వెనక నుంచి ఎవరైనా "మునిరాజా!" అని పిలిస్తే సైకిలు ఆపి, దిగి, పెండ్లిబండి తిప్పినట్టు రోడ్డు మీద పెద్ద చుట్టు తిప్పి, పిలిచినాయనకు ఎదురుగా వచ్చి "ఏమప్పా?" అనేవాడు. రెండుసార్లు పిలిచినవాడు మూడోసారి పిలవడు. ఎందుకంత పట్టుదల అని రామప్ప ఒకసారి అడిగితే, "తిరిగితే దిగిపోతాది," అన్నాడు. ఆ ఏడాదిలో ఆమె గురించి ఆయన చెప్పిన మాట అదొక్కటే.

తిప్పలంతా పుంగనూరు ముందర కూడలిలో. అక్కడ ఆయన కుడికి తిరగాల. వెనక ఏం వస్తోందో చూడకుండానే తిరిగేవాడు. ఒక పొద్దున టమోటా లారీ ఒకటి ఆయన మోచేతికీ తనకూ మధ్య ఒక జానెడు గాలి మాత్రం వదిలి, కీచుమని పక్కకు తిరిగి, రోడ్డు దిగి నిలబడింది. డ్రైవరు దిగొచ్చి అరవాల్సినవన్నీ అరిచినాడు. మునిరాజ విన్నాడు. విని, "అవునప్పా," అని, తొక్కుకుంటూ పోయి పాలు పోసినాడు.

ఆ సంగతి మధ్యాహ్నానికి కుప్పం చేరింది. అక్కడ ఆయన కూతురు మాలతి ఉంటుంది. మొగుడు శివకుమార్ తెల్లారే రైలెక్కి బెంగుళూరు పనికి పోయి చీకటికి దిగుతాడు. మాలతి గుడుపల్లె వైపు పల్లెల్లో స్కూటీ మీద తిరిగి, బాలింతలకూ పిల్లలకూ టీకాలు వేస్తుంది. రోజూ ఎవరెవరో తల్లుల చేతుల్లో నుంచి బిడ్డలను అందుకుంటుంది. తన తల్లి గురించి ఒక్క మాట మాట్లాడదు. తండ్రీ మాట్లాడడు. ఫోనులో ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవాళ్లు. వానలు లేవు కాబట్టి ఆ మాటలు కూడా పొట్టిగానే అయిపోయేవి.

"నాయినా, లారీ కింద పడబోయినావంట?"

"పడలేదు కదమ్మా."

"తిరిగి సూసేదానికేం నీకు?"

"సూడకూడదు కదా."

"ఎవురు సెప్పినారు?"

"రామప్ప."

"అట్లయితే రామప్పనే ఇంగ సూడొచ్చని సెప్పమను."

"అడిగినా. ఆ మాట ఆ పొద్దే ఇంటికాడ తీరిపోవాలంట. తీరకుంటే తీర్సే ఇదం ఆయనకి తెలీదంట."

"సైకిలుకు అద్దం పెట్టించు."

"అద్దంలో సూస్తే సూసినట్టు కాదా?"

"అది నాకు తెలీదు. లారీ ఎక్కితే మాత్రం ఎక్కినట్టే. అద్దం పెట్టించకపోతే నేనొచ్చి ఆ సైకిలు తీసి బాయిలో ఏస్తా."

సైకిలు బావిలో వేస్తే దాని మీదున్న మనిషి సంగతేమిటని మునిరాజ అడగబోయినాడు. అడగలేదు.

వారం తిరక్క ముందే కుప్పం నుంచి బస్సు పార్సిలులో ఒక అద్దం వచ్చింది. మాలతి ఫోనులో చూసి తెప్పించింది. నల్లగా, చిన్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. దాన్ని హ్యాండిలు చివరి బొక్కలో దూర్చి తిప్పితే బిగుసుకుంటుందని డబ్బా మీద బొమ్మ వేసినారు. అది గేరు సైకిళ్లకు. మునిరాజ సైకిలు హ్యాండిలు చివరి బొక్క ఎప్పుడు పూడిపోయిందో ఆయన నాయినకే తెలియాల. తుప్పు, పేడ, మట్టి కలిసి అది ఇనుము కంటే గట్టిపడింది. రామప్ప మేకు పెట్టి కొట్టి చూసినాడు. మేకు వంగింది. అద్దం బంకులో గోడకెక్కింది. రామప్ప ఇప్పుడు దాంట్లో చూసుకుని గడ్డం గీసుకుంటాడు, ఒకసారికి ఒక చెంప.

"దీంట్లో సూస్తే తిరిగి సూసినట్టా, రామప్పా?" అని మునిరాజ అడిగినాడు.

రామప్ప గీసుకోవడం ఆపి ఆలోచించినాడు. "తల తిరిగితే తిరిగినట్టు. కన్ను ముందరికే ఉండాది కదా. కానీ సూపు యాడికి పోతాంది? ఎనక్కి. మళ్లా సూస్తే అది అద్దంలోకి పోతాంది, అద్దం ముందర ఉండాది..." కత్తి గాలిలోనే నిలిచిపోయింది. "నన్ను కోసుకునేట్టు సేస్తావు గానీ, పోబ్బా."

పుంగనూరు అంగడిలో దొరికినవి పిల్లల సైకిళ్లవి. గులాబీ రంగు పువ్వు, పువ్వు మధ్యలో అద్దం.

"మనవరాలికా అప్పా?" అన్నాడు అంగడాయన.

"నాకే."

అంగడాయన నవ్వబోయి ఆయన మొహం చూసి ఆపుకున్నాడు. మునిరాజ దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పినాడు. గాజు కంటే రేకులే ఎక్కువ. దాంట్లో లారీ పట్టదు. ఎద్దులబండి పట్టొచ్చు, ఎద్దులు లేకుండా. నిజం చెప్పాలంటే ఆయనకు అదే నచ్చింది. ఏమీ కనబడని అద్దం పెట్టించుకుంటే కూతురి మాటా దక్కుతుంది, తన మాటా దక్కుతుంది. కానీ ఆ పువ్వు పెట్టుకుని పుంగనూరు వీధుల్లో పాలు పోయడానికి కొంచెం ధైర్యం కావాల. అంత ధైర్యం కూడా ఆయన దగ్గర మిగల్లేదు.

దాంతో మదనపల్లె పోవాల్సొచ్చింది. సైకిలు తీసుకుపోకపోతే అద్దం సరిపోతుందో లేదో తెలియదు. ఊరి టమోటాలు మార్కెట్టుకు తీసుకుపోయే బండిలో ట్రేల మీద సైకిలు పడుకోబెట్టబోతే డ్రైవరు ఒప్పుకోలేదు.

"పండబెడితే ఆయమ్మ పడిపోదా? నిలబెట్టి కట్టు."

నిలబెట్టి కట్టినారు. బండి కదలగానే డ్రైవరు, "బాగానే ఉండాదే బరువు," అన్నాడు. మునిరాజ తల ఆడించినాడు. దారిపొడుగునా టమోటా వాసన. ఆయనకు అది వాసన అని కూడా తట్టలేదు.

గిరిబాబు అంగడి మార్కెట్టు నుంచి ఊళ్లోకి పోయే దారిలో ఉంది. లావుపాటి మనిషి, మాట నోట్లో ఉండగానే చెయ్యి పనిలో ఉంటుంది. సైకిలు చూడగానే వెనక చక్రం పట్టి స్టాండు వేయబోయి ఆగినాడు.

"ఎవురో కూసోనుండారే. దిగమనప్పా, స్టాండు ఎయ్యాల."

"దిగదు."

"ఎవురు?"

"ఇంట్లో మనిషి."

"అట్లయితే కూసోనుండగానే బిగిస్తాలే," అని సైకిలును గోడకు ఆనించినాడు. "ఏమ్మా, రవంత గట్టిగా పట్టుకో."

తర్వాత అద్దాలు తీసి గుడ్డ మీద పరిచినాడు. మోపెడువి, ఆటోవి, కొత్త సైకిళ్లవి. ఒకటి సమంగా ఉండే గాజు. దాంట్లో మనిషి మనిషంతే కనబడతాడు గానీ, ఒక్క మనిషే కనబడతాడు. రోడ్డుకు ఆ పక్క ఈ పక్క ఉండదు. ఇంకోటి ఉబ్బుగా ఉండే గాజు. దాంట్లో రోడ్డంతా పడుతుంది. అయితే అన్నీ చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనబడతాయి.

"ఏది కావాల?"

"దూరంగా అగుపడేది."

"అందురూ దగ్గరగా అగుపడేదే అడగతారప్పా."

"నాకు దూరంగానే మేలు."

గిరిబాబు ఎందుకని అడగలేదు. ఉబ్బద్దం తీసి, కుడి హ్యాండిలుకు పెట్టి చూసినాడు. పాతకాలపు సైకిలు కదా, హ్యాండిలు కింద బ్రేకు కడ్డీ అడ్డం పోయి ఉంటుంది. పట్టీ కూర్చోదు. పక్కకు జరిపితే బెల్లు అడ్డం. బెల్లును ఎడమకు మార్చినాడు. పాత ట్యూబు ముక్క ఒకటి కోసి, హ్యాండిలుకు చుట్టి, దాని మీద పట్టీ వేసి, పానాతో బిగించినాడు. ట్యూబు ముక్క లేకపోతే గతుకుల్లో అద్దం వణికి, ఒక లారీ నాలుగు లారీలుగా కనబడుతుందంట. ఒకదానికే ప్రాణం మీదికొస్తుంది, నాలుగెందుకని గిరిబాబు అభిప్రాయం.

అద్దం సరిచూడాలంటే సీటు మీద కూర్చోవాల. గిరిబాబు ఎక్కి కూర్చుని, అద్దాన్ని కొంచెం పైకి, కొంచెం బయటికి తిప్పినాడు. తిప్పి ఆగినాడు.

"ఏమ్మా," అన్నాడు అద్దంలోకే చూస్తూ, "దావకి అడ్డమొస్తాండావు. రవంత ఎడమకి జరుగు. ఆ. సాలు."

క్యారియరు కిర్రుమంది.

ఆమె ఎట్లుందని మునిరాజకు అడగాలనిపించింది. చిక్కిందా, ఏ కోక కట్టుకుంది, మొహం ఎట్లుంది. గిరిబాబు దిగి చేతులు తుడుచుకుంటూ నిలబడినాడు, అడిగితే చెప్పేట్టే ఉన్నాడు. మునిరాజ అడగలేదు. సైకిలెక్కి, రెండు వేళ్లతో అద్దాన్ని తన మొహం వైపు తిప్పుకున్నాడు.

"అట్ల పెట్టుకుంటే నీ మీసమే అగుపడ్తాది," అన్నాడు గిరిబాబు.

"కానీలే."

ఆ తర్వాత మునిరాజ సైకిలుకు అద్దం ఉంది. మాలతి అడిగితే, "పెట్టించినా," అన్నాడు. అబద్ధం కాదు. అద్దంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక మనిషి ఎదురుగా వస్తుంటాడు. గడ్డం మాసింది, కళ్ల కింద గుంతలు. ఎక్కడో చూసిన మనిషే. పలకరించేంత పరిచయం లేదు.

పుంగనూరులో పాలు పోయించుకునే శ్రీలక్ష్మి గిన్నె పట్టుకుని నిలబడి నవ్వింది. "ఏమప్పా మునిరాజా, పెండ్లికొడుకు మాదిరి మొగం సూసుకుంటా వస్తాండావు? సూడు ఈశ్వరమ్మా, నీ మొగుడి సోకు!"

క్యారియరు పలకలేదు. మునిరాజ పాలు కొలిచి పోసినాడు. కూడలిలో ఎప్పటి మాదిరే చూడకుండా తిరిగినాడు. బండ్లు ఎప్పటి మాదిరే పక్కకు పోయినాయి.

ఒక పొద్దున పుంగనూరు ఇంకా రాకముందే ఫోను మోగింది. సైకిలు రోడ్డు పక్కకు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి ఎత్తినాడు. మాలతి గొంతు ఎప్పటి గొంతే.

"నాయినా, ఊరికే సేసినా. నిన్న బండి మింద నుంచి పడినా. ఏం కాలేదు. మోకాలు దోక్కునింది."

"ఎట్ల పడితివి?"

"ఎనక టిప్పరు వస్తాంటే సూసుకోలేదు. పక్కలో ఆరన్ కొట్టినాడు, బెదిరిపోయి ఇసకలోకి దిగినా."

"నీ బండికి రెండద్దాలుండాయి కదమ్మా."

"ఉండాయి నాయినా."

"యాడికి తిప్పి పెట్టుకున్నావు?"

"నా తట్టుకే."

"అట్ల యాల?"

"ఎనక సీటు ఖాళీగా అగుపడ్తాది నాయినా."

ఈశ్వరమ్మ కుప్పం పోయినప్పుడల్లా ఆ సీటు మీదే కూర్చుని, కూతురితో పల్లెలు తిరిగేది. సీటు ఖాళీ అయి ఏడాది. ఇప్పుడు తండ్రీ కూతుళ్లిద్దరూ తమ మొహాలు తామే చూసుకుంటూ రోడ్డు మీద పోతున్నారని మునిరాజకు అప్పుడు తెలిసింది. ఒకరికి వెనక మనిషి ఉందని, ఒకరికి లేదని.

"అద్దాలు ఎనక్కి తిప్పుకో," అన్నాడు.

"నువ్వు తిప్పుకున్నావా?"

"నేనూ తిప్పుకుంటా."

ఫోను జేబులో పెట్టినాడు. ఎండ ఇంకా ఎక్కలేదు. క్యాన్లలో పాలు కదలకుండా ఉన్నాయి. ఆయన చెయ్యి లేచింది, అద్దం దగ్గర ఆగింది, కిందికి వచ్చింది. మళ్లీ లేచింది. రెండు వేళ్లతో అద్దాన్ని బయటికి తిప్పినాడు.

మొదట రోడ్డు కనబడింది, వచ్చిన దారంతా చిన్నగా, దూరంగా. దాని ముందర ఈశ్వరమ్మ.

మొహం కనబడలేదు. వీపు కనబడింది. సాగనంపేటప్పుడు కట్టిన పచ్చకోక, కొప్పు, కొప్పులో కనకాంబరాలు. బతికున్నప్పుడు ఆమె క్యారియరు మీద కాళ్లు ఒక పక్కకు వేసి కూర్చునేది. ఇప్పుడు అట్ల కాదు. ఆయన వీపుకు తన వీపు పెట్టి, పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చునుంది. దూరంగా ఒక లారీ వస్తోంది. ఈశ్వరమ్మ చెయ్యెత్తి, పక్కకు పొమ్మన్నట్టు చూపించింది. లారీ నెమ్మదించి, పక్కకు జరిగి, వాళ్లను దాటుకుని పోయింది. అందులో ఏ ఆర్భాటమూ లేదు, కళ్లంలో కోళ్లను అదిలించినట్టు అదిలించింది. ఆయన తిరిగి చూడనన్నాడు. ఎవరో ఒకరు చూడాల కదా.

"ఈశ్వరీ," అన్నాడు.

కొప్పు కొంచెం కదిలింది. తల మాత్రం తిరగలేదు. తిరగదని మునిరాజకు అర్థమైంది. తిరిగి చూడొద్దని అటుపక్కన ఆమెకూ ఎవరో చెప్పే ఉంటారు. ఆమె లెక్కలో వెనక ఉన్నది ఆయనే.

ఆమెను అట్లనే ఉంచుకోవచ్చు. అద్దం తనకై తాను కదలదు. రోజూ వీపైనా చూసుకోవచ్చు. అది ఏడాదిగా లేని భాగ్యం. మునిరాజ కొంతసేపు అట్లనే చూస్తూ నిలబడినాడు. పాలు విరిగిపోతాయని చేతులకు గుర్తొచ్చింది. తొక్కినాడు. అన్ని ఇండ్లకూ పోసినాడు. శ్రీలక్ష్మి ఏదో అన్నది, వినలేదు. ఖాళీ క్యాన్లతో పుంగనూరు బస్టాండు ముందరికి వచ్చి, కుప్పం బస్సు దగ్గర సైకిలు ఆపినాడు.

"పాప బండి మింద నుంచి పడిందంట," అన్నాడు అద్దంలోకి. "ఏం కాలేదంటాండాది. ఏం కాలేదనే అంటాది, నీ మాదిరే. ఆ పిల్లకి ఎనక సూసేవాళ్లు లేరు. నాకైతే ఇప్పుడు అద్దముండాది." బస్సు వైపు చెయ్యి చూపించినాడు. "నువ్వు ఆడికి పో. ఆడోళ్లకి బస్సు ఊరికే కదా ఇప్పుడు."

చాలాసేపు ఏమీ కాలేదు. బస్సు ఇంజను మొదలైంది. అప్పుడు క్యారియరు స్ప్రింగు మెల్లగా లేచింది. సైకిలు ముందరి చక్రం ఒకసారి అదాటుగా పక్కకు తిరిగింది. అద్దంలో పచ్చకోక జనంలోకి పోయింది. బస్సు మెట్టు కిందికి కుంగి మళ్లీ లేచింది.

"జరగండమ్మా, జరగండి," అన్నాడు కండక్టరు లోపల. "పెద్దామెకి సీటియ్యండి. ఎనక కిటికీ కాడ కూసోమ్మా."

బస్సు పోయింది. మునిరాజ సైకిలెక్కితే అది కాలి కింద లేనట్టే ఉంది. ఏడాదిగా ఇద్దరిని తొక్కిన కాళ్లు ఇద్దరి బలం పెట్టేసినాయి. సైకిలు దూకి, ఎదురుగా ఉన్న పూలబండికి కొంచెంలో తప్పి నిలబడింది. ఊరు చేరేదాకా అట్లనే అయింది. బంకు దగ్గర రామప్ప బొటనవేలితో చక్రం నొక్కి, ఏమీ అడక్కుండా, వాల్వు వదులు చేసి, ఎక్కువ గాలిని తీసేసినాడు. అది సుయ్యిమని పోతున్నంతసేపూ ఇద్దరూ దాన్నే విన్నారు.

ఆ రోజు మునిరాజ మెడ తిప్పి వెనక్కి చూసినాడు. ఊరికే, ఇంటి ముందర నిలబడి. కంపచెట్టు, కరెంటు స్తంభం, ఎవరిదో కోడి. అంతే. తిరిగి చూడటం ఇంత సులువా అనుకున్నాడు. బాధగా ఉంటుందేమో అని ఎదురుచూసినాడు. అదీ రాలేదు. అన్నం తిని పడుకున్నాడు.

మరుసటి రోజు ఎండ బాగా ఎక్కినాక మాలతి ఫోను చేసింది. కొట్టం దగ్గర ఉన్నాడాయన.

"నాయినా, నువ్వు అమ్మను పంపించినావా?"

"బస్సెక్కించినా. వచ్చిందా?"

"వచ్చింది." మాలతి ఊపిరి తీసుకుంది. "గుడుపల్లె దాటి అడివి అంచున పోతాండా. మలుపు కాడ బండి నిలబడిపోయె. ఎంత ఆక్సిలేటర్ తిప్పినా ముందరికి పోదు. గట్టిగా కూసున్నట్టుండాది ఎవురో ఎనక. అద్దంలో సూస్తే కొప్పు అగుపించె. కనకాంబరాలు. నేను అమ్మా అంటాండగానే ముందర మలుపులో రాగి సేన్లో నుంచి ఏనుగులు దిగినాయి నాయినా. గుంపు. పిల్ల ఏనుగు కూడా ఉండాది. దావ మొత్తం నిండిపోయె. బండి నిలబడకుంటే సరిగ్గా వాటి మధ్యలోకే పోయుంటా."

"పోయినాయా అవి?"

"ఇప్పుడే అడివిలోకి దిగినాయి. నేనింకా ఈడనే ఉండా."

"ఆమె?"

"కూసోనే ఉండాది. ఎనక్కి తిరిగి కూసోనుండాది, మాట్లాడలే."

"అట్లనే కూసుంటాది. తిప్పుకోవాలని సూడొద్దు."

ఫోనులో ఎక్కడో దూరంగా ఏనుగులను తరమడానికి మనుషులు డబ్బాలు వాయిస్తున్న చప్పుడు వినబడింది. మునిరాజ కొట్టం లోపలికి చూసినాడు.

"పాపా, ఫోను ఎనక్కి పట్టుకో."

"ఏం?"

"మీ అమ్మ తట్టుకు పట్టుకో."

మాలతి ఫోనును భుజం మీద నుంచి వెనక్కి చాపింది. ఏడాదిగా మునిరాజ ఆమెను మోసుకుని తిరిగినాడు గానీ, ఇంటి సంగతి ఒక్కటీ ఆమెతో చెప్పలేదు. ఏం చెప్పాలో తెలియలేదు. కొంతసేపు ఉత్త ఊపిరే పోయింది ఫోనులో.

"ఈశ్వరీ," అన్నాడు చివరికి. "ఎర్రావు ఈనింది. ఇప్పుడే. పెయ్యదూడ. అడ్డం తిరిగిండె, నేనే సెయ్యి పెట్టి సరిసేసినా, సేతులింకా కడుక్కోలేదు. నొసటన తెల్లబొట్టు ఉండాది. లేసి నిలబడేదానికి సూస్తాండాది, పడతాండాది, మళ్లా లేస్తాండాది..."

ఆయన ఆగలేదు. బోరులో నీళ్లు తగ్గిన సంగతి చెప్పినాడు, శ్రీలక్ష్మి పెద్దకొడుకు పెండ్లి సంగతి, వేరుశనగ ఎండిన సంగతి, పోయిన ఏడాది ఇంటి వెనక దానిమ్మ కాసిందని, కోసేవాళ్లు లేక రాలిపోయిందని చెప్పినాడు. చెప్తూ ఏడుస్తున్నాడని ఆయనకు తెలుసో తెలియదో. గుడుపల్లె అవతల, అడివి అంచున, మాలతి కదలకుండా కూర్చునుంది. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకుంది. ఫోను మాత్రం వెనక్కే పట్టుకుంది.